మాంగనీసుకి ఏ సర్వే, నల్లిసుకకి ఏ సర్వే: విజయనగరం, శ్రీకాకుళం నేలల్లో పద్ధతి ఎంచుకోవడం

చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు లీజు ఉన్నవాళ్లు సర్వే వాళ్లని పిలవగానే అడిగే మొదటి మాట "ఎంత లోతు దాకా కనిపిస్తుందండీ?" అని. దానికి జవాబు ఎవరైనా చెప్పేస్తారు. "ఈ నేలలో మీ మిషను దేన్ని చూసి మాంగనీసు అని పొరబడుతుంది?" అని అడిగి చూడండి. పని తెలిసినవాడు దానికి కాగితం తీసి లెక్క వేసి చెప్తాడు, తెలియనివాడు బ్రోషరు తీస్తాడు.

ఎందుకంటే ఇక్కడ ప్రతి పద్ధతినీ బోల్తా కొట్టించే సరుకు నేలలోనే ఉంది. రెసిస్టివిటీకి (నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలిచే పద్ధతి) తెల్ల సుద్దమట్టి, ఐపీకి (కరెంటు ఆపాక నేలలో నిలిచే ఛార్జ్ కొలిచే పద్ధతి) గ్రాఫైటు, మాగ్నెటిక్‌కి చార్నకైటు రాయి, మట్టి శాంపిళ్లకి వరి మడి, పాత గని దిబ్బలు. ఒకే పద్ధతిని పట్టుకుని ఖరీదైన మిషను తెచ్చుకోవడం కన్నా, ఒకదాని పొరపాటు ఇంకోదానికి అంటని రెండు మామూలు పద్ధతులు కలిపి వాడుకోవడమే మేలు. కింద చెప్పిన పోలికంతా ఆ లెక్కన సాగుతుంది.

నేల సంగతి ముందు

ఇదంతా తూర్పు కనుమల రాయి. కొండలు ఎక్కువగా ఖోండలైటు: గార్నెట్, సిల్లిమనైటు, క్వార్ట్జు, చాలాచోట్ల గ్రాఫైటు రేకులు. దాని పక్కనే చార్నకైటు, లెప్టినైటు. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలినాళ్లలో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే. ఇక్కడి మాంగనీసు రాయికి ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడూరు ఊరి పేరు మీద కోడ్యూరైట్ అని పేరు పెట్టాడు. అందులో ఉండేవి ముఖ్యంగా మూడు: పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గార్నెట్, అపటైటు.

ఆ మూడూ కుళ్లినప్పుడు ఏమవుతాయో తెలిస్తే సగం సర్వే అర్థమైనట్టే. గార్నెట్ కరిగి నల్ల మాంగనీసు ఖనిజంగా మారుతుంది. ఫెల్డ్‌స్పార్ తెల్లటి సుద్దమట్టి అవుతుంది. అపటైటులోని భాస్వరం ఖనిజాన్ని వదలదు, ఇక్కడి ఖనిజంలో భాస్వరం ఎక్కువ ఉండటానికి మూలం అదే. అంటే మీరు వెతికే సరుకు, మిమ్మల్ని మోసం చేసే మట్టి ఒకే రాయికి పుట్టిన తోబుట్టువులు. పక్కపక్కనే ఉంటాయి.

మిషను దించేముందు జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) వారి భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతం 1:50,000 భూగర్భ పటం, జాతీయ భూరసాయన పటాల డేటా తీసుకోండి. ఆ భూరసాయన డేటా 2×2 కిలోమీటర్ల గడికి ఒక శాంపిల్ చొప్పున ఉంటుంది. పది ఎకరాల లీజుకి అది పనికిరాదు. కొత్త బ్లాకు ఎంచుకునేవాళ్లకి మాత్రం ఏ గెడ్డ (వాగు) పరీవాహకంలో మాంగనీసు, బేరియం, భాస్వరం కలిసి పెరిగాయో చూపిస్తుంది.

మాంగనీసు: మాగ్నెటిక్

నేల అయస్కాంత క్షేత్రంలో తేడాలు కొలిచే ఈ పద్ధతి అన్నిట్లోకీ చవక, వేగం. ఇద్దరు మనుషులు రోజుకి నాలుగైదు కిలోమీటర్ల లైను నడవగలరు. గనిలో దొరికే పైరోలుసైటు, సైలోమెలేను అనే మాంగనీసు ఖనిజాలు అయస్కాంతానికి పెద్దగా స్పందించవు. ఆ లెక్కన మాగ్నెటిక్ దండగే అనిపిస్తుంది. కానీ గరివిడి ఖనిజంలో వ్రెడెన్‌బర్గైటు కూడా ఉంది, జాకోబ్సైటు, హౌస్‌మనైటు అల్లుకుపోయిన గట్టి అయస్కాంత పదార్థం. అందుకని ముందు మీ గనిలోంచి పది ముక్కలు ఏరి దారానికి కట్టిన అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. సగానికి పైగా లాగితే మాగ్నెటిక్ సర్వే చేయించవచ్చు. ఒక్కటీ లాగకపోతే ఆ డబ్బు దాచుకోండి.

చేయించాక పటం చదవడంలో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. మన దగ్గర భూ అయస్కాంత క్షేత్రం నేలకి 20–25 డిగ్రీల వాలుతోనే ఉంటుంది. యూరప్ పుస్తకాల్లో లాగా వస్తువు నెత్తిన 'హై' రాదు. దక్షిణాన హై, ఉత్తరాన లో వస్తాయి. అసలు వస్తువు ఆ రెంటి మధ్య, లో వైపుకి కాస్త ఒరిగి ఉంటుంది. ఎర్ర రంగు (పటంలో హై) మీద బోరు వేస్తే పక్కనుంచి దిగిపోతుంది. ఇంకో చిక్కు, ఉత్తర దక్షిణాలుగా నిలువున పోయే పొర ఈ అక్షాంశంలో సరిగ్గా కనిపించదు, తూర్పు పడమరగా పోయేది బాగా కనిపిస్తుంది. పటాన్ని 'ధ్రువానికి మార్చి' (హై వస్తువు నెత్తికి వచ్చేలా లెక్కగట్టి) ఇస్తామని సర్వే వాళ్లంటే, ఇంత తక్కువ వాలు దగ్గర ఆ లెక్క ఉత్తర దక్షిణ చారలు పుట్టిస్తుందని గుర్తుపెట్టుకుని, క్షేత్రం వాలుతో దాదాపు పనిలేని అనలిటిక్ సిగ్నల్ పటం కూడా అడగండి.

బేస్ మాగ్నెటోమీటరు (ఒకేచోట కదలకుండా పెట్టే రెండో మిషను) తప్పకుండా ఉండాలి, నిమిషానికి కనీసం ఒక రీడింగు తీస్తూ. పగటిపూట క్షేత్రం దానంతటదే పదుల నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రానికి కొలత) మారుతుంది. బేస్ లేకపోతే పొద్దున నడిచిన లైనుకీ మధ్యాహ్నం నడిచిన లైనుకీ మధ్య లేని మెట్టు కనిపిస్తుంది. మిషను పట్టుకున్న మనిషి జేబులో ఫోను, తాళాలు, నడుముకి బెల్టు బకిల్ ఉండకూడదు. బోరు కేసింగు, జీడితోట ముళ్లకంచె లాంటివి ఎదురైతే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. చార్నకైటు, పైరాక్సీను గ్రాన్యులైటు రాతి పట్టీలు వందల నానోటెస్లాల ఎగుడుదిగుళ్లు ఇస్తాయి, కాబట్టి రాతి పటం పక్కన పెట్టుకోకుండా మాగ్నెటిక్ పటం చదవడం వృథా.

మాంగనీసు: గ్రావిటీ

ఈ పని కోసం అందరూ వదిలేసేదీ, మా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైనదీ గ్రావిటీ, అంటే కింది రాయి బరువుని బట్టి భూమి ఆకర్షణలో వచ్చే తేడా కొలవడం. మాంగనీసు ఖనిజం సాంద్రత 3.5 నుంచి 4.5 దాకా ఉంటుంది, చుట్టూ కుళ్లిన ఖోండలైటుది 2.5 దగ్గర. గ్రాఫైటుది 2.2. సుద్దమట్టి ఇంకా తేలిక. మోసం చేసే రెండు సరుకులూ గ్రావిటీలో కిందికి లాగుతాయి, మాంగనీసు ఒక్కటే పైకి లేపుతుంది.

ఎంత లేపుతుంది? 6 మీటర్ల వెడల్పు పొర, నేలకి 5 మీటర్ల కింద మొదలై 35 మీటర్ల దాకా నిలువుగా దిగిందనుకోండి. చుట్టుపక్కల రాయికన్నా సాంద్రత 1 ఎక్కువ. అప్పుడు నెత్తిన వచ్చే పెరుగుదల సుమారు 0.15 మిల్లీగాల్ (ఆకర్షణకి కొలత). అదే పొర 2 మీటర్లే ఉంటే 0.05. గ్రావిమీటరు 0.01 దాకా కొలవగలదు కాబట్టి ఇది అందుతుంది. అయితే స్టేషను ఎత్తులో మీటరు తేడా వస్తే 0.2 మిల్లీగాల్ పోతుంది. అంటే ఎత్తు కొలవడంలో అర మీటరు తప్పితే, మీ మాంగనీసు పొరంత దొంగ పొర పుడుతుంది. ఫోను జీపీఎస్‌తో గ్రావిటీ చేస్తామన్నవాళ్లని గేటు దగ్గరే పంపేయండి. డీజీపీఎస్‌తోనో (బేస్ స్టేషనుతో సరిదిద్దే జీపీఎస్) లెవెలింగుతోనో 5 సెంటీమీటర్ల లోపు ఎత్తు కావాలి. స్టేషన్లు 10 మీటర్లకి ఒకటి, గంటన్నర రెండు గంటలకోసారి బేస్‌కి తిరిగొచ్చి డ్రిఫ్ట్ (మిషను రీడింగు దానంతటదే జరగడం) చూడాలి.

గ్రావిటీకి ఇక్కడున్న శత్రువు పాత గోతులు. నూట ముప్పై ఏళ్ల తవ్వకాలు కదా, నీళ్లు నిండిన 20 మీటర్ల గొయ్యి పక్కన స్టేషను పెడితే అక్కడ లేని బరువు వల్ల లెక్క కిందికి పోతుంది, వేస్టు దిబ్బ పక్కన పెడితే దిబ్బ బరువు పైకి లాగి అదీ కిందికే పోతుంది. గొయ్యి అంచు నుంచి కనీసం దాని లోతుకి రెండింతల దూరం పాటించండి. తప్పనప్పుడు గొయ్యి ఆకారం కొలిచి సవరణ వేయించండి.

మాంగనీసు: రెసిస్టివిటీ, ఐపీ, ఎస్పీ

అందరూ అడిగేది ఇదే, ఎందుకంటే రంగు రంగుల సెక్షను వస్తుంది. 48 ఎలక్ట్రోడ్లు 5 మీటర్ల దూరంలో పాతితే 235 మీటర్ల లైను, మధ్యలో 40 మీటర్ల లోతు దాకా నమ్మదగిన బొమ్మ. మాంగనీసు ఆక్సైడు విద్యుత్తుని కాస్త పోనిస్తుంది, ఐపీలో ఛార్జ్ కూడా పట్టుకుంటుంది. అంతవరకూ బాగానే ఉంది. నీళ్లు పీల్చిన సుద్దమట్టి కూడా తక్కువ రెసిస్టివిటీయే చూపిస్తుంది. గ్రాఫైటు ఖోండలైటు తక్కువ రెసిస్టివిటీ, చాలా ఎక్కువ ఐపీ రెండూ చూపిస్తుంది. రెసిస్టివిటీ ఒక్కటే చూసి బోరు వేస్తే సుద్దలోకి, ఐపీ కూడా చూసి వేస్తే గ్రాఫైటులోకి దిగే ప్రమాదం ఉంది.

విడదీయడానికి ఎస్పీ (నేలలో దానంతటదే పుట్టే వోల్టేజి కొలవడం) పనికొస్తుంది. రెండు కాపర్ సల్ఫేటు కుండలు, ఒక మంచి మల్టీమీటరు, వైరు చాలు. గ్రాఫైటు పొర మీద వందల మిల్లీవోల్టులు రుణ దిశగా పడిపోవడం మామూలు. ఐపీ గట్టిగా వచ్చి, ఎస్పీ కూడా బాగా రుణంగా వచ్చి, గ్రావిటీ లేవకపోతే గ్రాఫైటే అనుకోండి. ఐపీ మధ్యస్థం, ఎస్పీ సాదా, గ్రావిటీ పైకి అయితే కందకం తవ్వాల్సిన చోటు అదే.

పొలంలో చెడేవి: వేసవిలో ఎర్ర గరువు నేల ఎండి రాయవుతుంది, ఎలక్ట్రోడు దగ్గర కాంటాక్టు రెసిస్టెన్సు పదుల కిలో ఓములు దాటుతుంది. ఉప్పునీళ్లు, కాస్త బంకమట్టి కలిపి పోసి 2 కిలో ఓముల దగ్గరికి దించాకే రీడింగు మొదలెట్టాలి. హౌరా–చెన్నై రైలు మార్గం చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల మీదుగా పోతుంది, 25 కిలోవోల్టుల ఏసీ కరెంటుతో. దానికి దగ్గర్లో లైను వేస్తే రైలు పోయినప్పుడల్లా రీడింగు గంతులేస్తుంది. ఒక్కో పాయింటుకి మూడు రీడింగులు తీసి, తేడా 3 శాతం దాటితే మళ్లీ తీయాలి. లైనుకి సమాంతరంగా ఇనప కంచె ఉంటే ఆ లైనే మార్చేయాలి.

వీఎల్ఎఫ్ అని, దూరపు రేడియో స్టేషను సిగ్నల్ ఆధారంగా కరెంటు పోనిచ్చే పొరల్ని పట్టే, చేతిలో పట్టుకుని నడిచే మిషను కూడా ఉంది. తమిళనాడులోని విజయనారాయణం నేవీ స్టేషను 18.2 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇక్కడ బాగా అందుతుంది. అది నైరుతి దిక్కున, దక్షిణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ వైపుకే సాగే పొరలకి మంచిది. తూర్పు పడమర పొరకి దాన్నే వాడితే ఏమీ కనిపించదు. ఇదీ గ్రాఫైటుని చూసి ఎగిరి గంతేసే రకమే.

మట్టి శాంపిళ్లు ఎక్కడ తీయకూడదు

మట్టి సర్వే చవక అని ముందే చేయించేస్తారు. చేయించవచ్చు, చోటు తెలిసి. వరి మడిలో వద్దు. నెలల తరబడి నీళ్లు నిలిచినప్పుడు గాలి అందక మాంగనీసు కరిగి కదులుతుంది, ఆరినప్పుడు కింద నల్ల గుళ్లుగా పేరుకుంటుంది. ఆ గుళ్ల మీద శాంపిల్ పడితే రాతితో సంబంధం లేని అంకె వస్తుంది. సూపర్ ఫాస్ఫేటు పడిన నేల భాస్వరం అంకెని చెడగొడుతుంది. గని వేస్టు పరిచిన బాట పక్క, దిబ్బ కిందివైపు, పాత లోడింగు చోట్లు కూడా వదిలేయండి. మిగిలేది మెట్ట, గరువు, జీడితోటలు. అక్కడ పైమట్టి తోసేసి 30–40 సెంటీమీటర్ల లోతులో ఎర్రబారిన పొర నుంచి తీయండి. లైనుల మధ్య 100 మీటర్లు, లైను మీద 25 మీటర్లు, పొర సాగే దిక్కుకి అడ్డంగా.

నీడలో ఆరబెట్టి 80 మెష్ జల్లెడ పట్టాలి. చేతి ఎక్స్ఆర్ఎఫ్ మిషనుతో (ఎక్స్ కిరణాలతో మూలకాల్ని కొలిచేది) తడి మట్టిని నేరుగా కొలిస్తే అంకె తగ్గి వస్తుంది. ఆ మిషను భాస్వరాన్ని సరిగ్గా చెప్పలేదు, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిలో కోబాల్టుకి దొంగ అంకెలు ఇస్తుంది. అందుకని 25–30 శాంపిళ్లు ల్యాబుకి పంపి, ఆ అంకెలతో మిషనుని సరిచూసుకోవాలి. ప్రతి 20 శాంపిళ్లలో ఒక డూప్లికేటు, ఒక ప్రమాణ శాంపిల్ (అంకె ముందే తెలిసినది), ఒక ఖాళీ శాంపిల్ (వెతికే సరుకు లేనిది) కలపండి. గెడ్డ ఇసుకలో జింకు, కోబాల్టు పెరిగితే సంబరపడకండి. మాంగనీసు ఆక్సైడు పూత నీళ్లలోని ఆ లోహాల్ని తనలోకి పీల్చుకుంటుంది, వాటి అంకెని మాంగనీసు అంకెతో భాగించి చూస్తే చాలా 'కనుగోళ్లు' మాయమవుతాయి.

ఇక్కడో పది రూపాయల పరీక్ష. నల్లటి పొడి చేతికంటింది, మాంగనీసా గ్రాఫైటా తెలియదు. పైరోలుసైటు కూడా వేలికి మసిలా అంటుతుంది, అందుకని అంటుకోవడం గుర్తు కాదు. గాయాలు కడగడానికి మెడికల్ షాపులో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వేయండి. మాంగనీసు ఆక్సైడయితే బుసబుసమని నురుగు లేస్తుంది. గ్రాఫైటు కదలదు. పైమట్టిలో ఆకుకుళ్లు ఉన్నా కాస్త నురుగొస్తుంది కాబట్టి లోపలి మట్టి మీదే చేయాలి.

తీరపు నల్లిసుక

కళింగపట్నం, భావనపాడు వైపు తీరంలో నల్లిసుక సంగతి వేరు. ముందు చట్టం: ఆ ఇసుకలో మోనజైటు అనే థోరియం ఖనిజం ఉంటుంది, అది అణు ఖనిజాల నిబంధనల కిందికి వస్తుంది. ప్రైవేటు మనిషి సొంతంగా సర్వే చేసి లీజు అడిగే దారి లేదు. కాబట్టి ఇది ప్రభుత్వ సంస్థల పనిలో ఉన్నవాళ్లకి, చదువుకునేవాళ్లకి.

ఎంపిక రెంటి మధ్య: గామా స్పెక్ట్రోమీటరుతో (నేల నుంచి వచ్చే గామా కిరణాల్ని కొలిచే మిషను) నడవడం, ఆగర్‌తో (తిప్పుతూ దించే మర) తవ్వడం. గామా మిషను మోనజైటులోని థోరియాన్ని 2.61 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర పట్టుకుంటుంది, ఒక్కరోజులో కిలోమీటర్ల తీరం చుట్టేయవచ్చు. కానీ చూసేది పైన అడుగు మందం మాత్రమే. గాలికి కొట్టుకొచ్చిన తెల్లిసుక అడుగు మేర కప్పితే కింద ఎంత సరుకున్నా రీడింగు ఐదో వంతు కూడా మిగలదు. తుపాను పోయిన మర్నాడు అలలు తేలిక ఇసుకని లాక్కెళ్లి ఒడ్డున నల్లటి పట్టీ వదులుతాయి, అప్పుడు అదే రీడింగు ఆకాశాన్నంటుతుంది. రెండూ నిజమైన నిల్వ చెప్పవు. గార్నెట్, సిల్లిమనైటు ఎక్కువుండి మోనజైటు తక్కువున్న చోట గామా అసలు మాట్లాడదు.

అందుకని గామా చోటు చూపించడానికి, టన్నులు చెప్పడానికి ఆగర్. చేతి ఆగర్ నీటిమట్టం దాకానే, దాని కింద ఇసుక కూలిపోయి పై సరుకు కింద శాంపిల్లో కలుస్తుంది, కేసింగు దించుతూ పోవాలి. మీటరుకో శాంపిల్ తీసి, ఆరబెట్టి, కుప్పపోసి నాలుగు భాగాలు చేస్తూ 100 గ్రాములకి తెచ్చి, బ్రోమోఫారం అనే బరువైన ద్రవంలో వేస్తారు. దాని సాంద్రత 2.89. క్వార్ట్జు 2.65 తేలుతుంది, సిల్లిమనైటు, గార్నెట్, ఇల్మనైటు మునుగుతాయి. గవ్వ ముక్కలు ఇక్కడ దొంగలు: వాటిలోని అరగొనైటు 2.93, అవీ మునిగి బరువు ఖనిజంలో లెక్కకొస్తాయి. ముందే పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడిగి గవ్వ తీసేయాలి. బ్రోమోఫారం ఆవిరి విషం, ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగే గూడు) లేకుండా మూత తీయొద్దు.

గ్రానైటు క్వారీ

టెక్కలి వైపు గ్రానైటు క్వారీలకి భూరసాయనంతో పనిలేదు, కావాల్సింది పైమట్టి మందం, బీటలు. మందానికి సుత్తితో కొట్టి ఆ అదురు ఎంతసేపటికి చేరిందో చూసే రిఫ్రాక్షన్ సర్వే చాలు: 24 జియోఫోన్లు (అదురుని పట్టేవి) 5 మీటర్లకొకటి, 25 మీటర్ల దాకా చెప్తుంది. మట్టిలో శబ్దవేగం సెకనుకి 300–600 మీటర్లు, తాజా రాయిలో 5,000 పైన, తేడా స్పష్టం. బీటలకి జీపీఆర్ (నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడార్), అదీ రాయి బయటపడ్డాకే. పైన మీటరు బంకమట్టి ఉన్నా సిగ్నల్ అక్కడే చస్తుంది.

డబ్బు తక్కువైతే

పది ఎకరాల మాంగనీసు లీజుకి వరుస ఇలా పెట్టుకోండి. రాతి పటం, అయస్కాంతం, పెరాక్సైడ్ పరీక్ష. తర్వాత గరువుల్లో మట్టి శాంపిళ్లు. అవి చూపిన చోట నాలుగైదు గ్రావిటీ లైన్లు, వాటిలో రెంటి మీదే ఐపీ, ఎస్పీ. మాగ్నెటిక్, రాళ్లు లాగితేనే. కోత అయి కుప్పలు ఎత్తేసిన దగ్గర్నుంచి మార్చి దాకా లైన్లకి మంచి కాలం, నేలలో చెమ్మ ఉంటుంది, పొలాలకి అడ్డంగా నడవవచ్చు. అపరాలు చల్లిన మడి అయితే రైతుని అడిగి గట్టు మీద నడవండి.

పొర 4 మీటర్ల లోతు లోపే ఉంటే బోరుకి ముందు కందకం. గోడ మీద మీటరు మీటరుకీ ఒకే వెడల్పు, ఒకే లోతు గాడి చెక్కి శాంపిల్ తీయాలి. నల్లటి ముక్కలు ఏరి సంచిలో వేయడం కూలీలకి సహజం, పక్కన నిలబడి ఆపాలి. బోరు వేసేటప్పుడు మెత్తటి మాంగనీసు పొడి నీటి ఒత్తిడికి కొట్టుకుపోతుంది, బయటికొచ్చే కోరులో (బోరులోంచి తీసిన రాతి కడ్డీ) గట్టి ముక్కలే మిగిలి గ్రేడు అబద్ధమాడుతుంది. ట్రిపుల్ ట్యూబు బ్యారెల్ (కోరుని కాపాడే మూడో గొట్టం ఉన్నది), అర మీటరు నుంచి మీటరు రన్ను (ఒక్కసారికి తవ్వే పొడవు), నీళ్లు తగ్గించి నడపాలి. రికవరీ (తవ్విన పొడవులో చేతికొచ్చిన కోరు) 90 శాతం రాని మీటర్ల గ్రేడుని నిల్వ లెక్కలో కలపకండి.

సర్వే ఒప్పందంలో రంగుల పటం, పీడీఎఫ్ అని మాత్రమే రాసుకుంటే మీ చేతికి వచ్చేది బొమ్మే. రా డేటా ఫైళ్లు, బేస్ రీడింగులు, ప్రతి స్టేషను అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, 5 శాతం స్టేషన్లలో మళ్లీ తీసిన రీడింగులు, కంచెలూ కేసింగులూ రాసిన నోట్‌బుక్ కూడా ఇవ్వాలని రాయించుకోండి. చివరి బిల్లు అవి అందాకే. ఒకే రీడింగులకి రంగుల స్కేలు మార్చి ఎర్రటి మచ్చ పుట్టించడం రెండు నిమిషాల పని, కాబట్టి పటం చేతికి రాగానే మచ్చని చూడకుండా స్కేలు కింద రాసిన అంకెలు చూడండి: ఎరుపుకీ నీలానికీ తేడా 0.03 మిల్లీగాల్ ఉండి, రిపీట్ రీడింగుల తేడా కూడా 0.03 ఉంటే అక్కడ బోరు వేయడానికి కారణం ఏమీ లేదు.